తొలి ఈత (మొదటి కాన్పు) పిల్లలకు స్ట్రెస్ హార్మోన్ ఎక్కువా? ఇలాంటి పరిశోధన చదివేటప్పుడు ఏం చూడాలి

ప్రశ్న క్లుప్తంగా: "తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. 'జంతువుల్లో మొదట పుట్టిన పిల్లకు స్ట్రెస్ హార్మోన్ ఎక్కువ, అందుకే ఇంట్లో పెద్దపిల్లలు ఎప్పుడూ టెన్షన్‌గా ఉంటారు' అని ఒక వీడియో చూశాను. సెమినార్‌కు ఇదే అంశం తీసుకున్నాను. పలమనేరు దగ్గర మా నాయనకు గొర్రెల మంద ఉంది. తొలి ఈత పిల్లలు బెదురుగా ఉంటాయని ఆయన కూడా అంటారు. నేనూ ఇంట్లో పెద్దదాన్నే. ఇందులో నిజమెంత? ఇలాంటి పరిశోధనల్ని ఎలా బేరీజు వేయాలి? నేను కార్టిసాల్ (స్ట్రెస్ హార్మోన్) పరీక్ష చేయించుకోవాలా?"

జవాబు:

అసలు జవాబు ముందే చెప్పేస్తానమ్మా. మొదట పుట్టినదానికి స్ట్రెస్ హార్మోన్ ఎక్కువ అని అన్ని జంతువులకూ వర్తించే నియమం ఏదీ లేదు. కొన్ని జాతుల్లో ఆలస్యంగా పుట్టినదానికే ఎక్కువ. కొన్నింట్లో తేడా కనబడేది తల్లిలో, పిల్లలో కాదు. అయితే మీ నాయన మాటను కొట్టిపారేయకండి. తొలి ఈత పిల్లలు బెదురుగా ఉండటం నిజమే కావచ్చు. ఆ బెదురు పిల్ల వరుస వల్ల వచ్చిందా, తల్లికి అనుభవం లేకపోవడం వల్ల వచ్చిందా అన్నదే తేలాలి. పశువైద్య విద్యార్థులకు చాలాకాలం ఫిజియాలజీ చెప్పాను, గొర్రెల నుంచీ దూడల నుంచీ రక్తం తీసి కార్టిసాల్ కొలిపించాను. మీ సెమినార్‌కు పనికొచ్చేలా కాస్త వివరంగానే రాస్తాను.

పరిశోధన చేతికి రాగానే చూడాల్సింది, అందులో ఏ వరుస గురించి మాట్లాడుతున్నారో. ఒకే గూటిలో, ఒకే కాన్పులో ముందు వెనకలుగా పుట్టిన పిల్లల వరుస ఒకటి. తల్లికి ఇది ఎన్నో ఈత అన్నది ఇంకొకటి. ఈ రెండింటికీ పోలికే లేదు. వీడియోలు చేసేవాళ్లు రెండింటినీ కలిపేసి, పక్షి పిల్లల ఫలితం తెచ్చి మనుషుల ఇళ్లలోని పెద్దపిల్లలకు అంటగడతారు.

మొదటి రకం చూడాలంటే మన జిల్లాలోనే మంచి చోటు ఉంది. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. తల్లి మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలన్నీ ఒకే రోజు బయటికి రావు. పిల్లలు కాస్త ఎదిగే సమయంలో దుర్భిణితో చూస్తే ఒకే గూటిలో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తాయి. మేత తెచ్చిన తల్లి నోట్లోకి పెద్దది ముందు తల దూరుస్తుంది. ఇలాంటి గూటిలో వరుస అంటే బలం, వరుస అంటే తిండి.

హార్మోన్ల సంగతి ఇలాంటి పక్షుల్లో బాగా తెలిసింది మెక్సికో తీరంలోని ఇసబెల్ దీవిలో గూళ్లు పెట్టే నీలి కాళ్ల బూబీలు అనే సముద్ర పక్షుల నుంచి. గూటిలో రెండు పిల్లలుంటే రెండోది సుమారు నాలుగు రోజులు ఆలస్యంగా పుడుతుంది. పెద్దది దాన్ని ముక్కుతో పొడిచి పొడిచి లొంగదీసుకుంటుంది. 1996లో వచ్చిన అధ్యయనంలో కార్టికోస్టెరాన్ (పక్షుల స్ట్రెస్ హార్మోన్) ఎక్కువగా కనబడింది ఆ లొంగిపోయిన చిన్నదానిలో. అంటే వీడియో చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఆ దీవిలోనే హ్యూ డ్రమ్మండ్ బృందం ఆ పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్న ఆ రెండో పిల్లలు పెద్దయ్యాక ముందుగా చచ్చిపోతున్నాయా అని చూస్తే, అలాంటిదేమీ లేదని 2011లో ప్రకటించారు. చిన్నప్పుడు హార్మోన్ ఎక్కువుంటే జీవితమంతా పాడైపోతుందనే వాదనకు ఇంత నేరుగా సమాధానం చెప్పే పని మరొకటి దొరకడం కష్టం. మీ సెమినార్‌లో దీనికి ఒక స్లయిడ్ తప్పకుండా పెట్టండి.

గుడ్డులోకి తల్లి పంపే హార్మోన్ల విషయంలో కూడా జాతిని బట్టి దిశ మారిపోతుంది. హ్యూబర్ట్ ష్వాబుల్ 1993లో కెనరీ పిట్టల గుడ్లు పరిశీలిస్తే, పెట్టే వరుసలో వెనక్కి పోయేకొద్దీ పచ్చసొనలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరుగుతూ పోయింది. ఆయనే మరికొందరితో కలిసి 1997లో పశువుల వెంట తిరిగే తెల్ల కొంగల గుడ్లు చూస్తే, మొదట పెట్టిన గుడ్లలోనే మగ హార్మోన్లు ఎక్కువ. కెనరీ తల్లి వెనకబడ్డదానికి సాయం చేస్తున్నట్టూ, కొంగ తల్లి ముందున్నదానికే ఇంకా బలం ఇస్తున్నట్టూ అనిపిస్తుంది. ఇవి స్ట్రెస్ హార్మోన్లు కావు, నిజమే. కానీ ఒక జాతిలో తేలిన దిశను ఇంకో జాతికి అతికించకూడదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలీదు.

పందుల్లో కథ వేరు. ఒక్కో ఈతలో పదికి పైగా పిల్లలు, కాన్పు గంటల తరబడి సాగుతుంది. చివర్లో బయటికొచ్చే పిల్లలకు ఆక్సిజన్ అందక ఇబ్బంది పడే ప్రమాదం ఎక్కువ. పైగా పందుల్లో మావి గుండా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు, అంతా జున్నుపాలలోనే రావాలి. ఆ పాలలో యాంటీబాడీలు గంట గంటకూ తగ్గిపోతుంటాయి. చివరి పిల్ల పొదుగు దగ్గరికి చేరేసరికి ముందువాళ్లు మంచి చన్నులు పట్టేసుకుని ఉంటారు. ఇలాంటి చోట చివరి పిల్లలో కార్టిసాల్ ఎక్కువుందని ఎవరైనా రాస్తే, అది వరుస వల్లా, ఊపిరాడక పోవడం వల్లా, చలి వల్లా, ఆకలి వల్లా అని విడదీసి చూపించారా లేదా అని అడగాలి.

ఇక మీ గొర్రెలు. మన నెల్లూరు గొర్రె ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది. కాబట్టి మీ నాయన చెబుతున్నది రెండో రకం వరుస, అంటే తల్లి ఎన్నో ఈత అన్నది. చిక్కంతా ఇక్కడే ఉంది. తొలి ఈత పిల్లకూ నాలుగో ఈత పిల్లకూ మధ్య మారేది వరుస ఒక్కటే కాదు. తొలి ఈతలో తల్లి ఇంకా తనే ఎదుగుతూ ఉంటుంది, తిన్నదాంట్లో కొంత తన ఒంటికే పోతుంది. పాలు తక్కువ, పిల్ల బరువు తక్కువ. పిల్లను నాకి ఆరబెట్టడం, పొదుగు దగ్గర నిలబడనివ్వడం కొత్త తల్లికి చప్పున రాదు. ఇవన్నీ పిల్ల మీద పనిచేస్తాయి. వరుస అనేది వీటన్నిటి మీదా అంటించిన చీటీ మాత్రమే.

దీనికి తోడు పరిశోధకులు కూడా తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది, మంద పెంచే ఇంట్లో పుట్టారు కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. పిల్లను దగ్గరికి రానివ్వని గొర్రెను, పాలు చాలని గొర్రెను మీ నాయన ఎన్నేళ్లు ఉంచుకుంటారు? ఒకటి రెండు ఈతలు చూసి సంతకు తోలేస్తారు. అంటే మందలో నాలుగో ఈత, ఐదో ఈత దాకా మిగిలినవన్నీ ఏరుకున్న మంచి తల్లులు. ఏదో ఒక రోజు మందలోకి వెళ్లి తొలి ఈత పిల్లలన్నిటినీ ఒక పక్క, ఐదో ఈత పిల్లలన్నిటినీ ఒక పక్క పెట్టి కొలిస్తే, మంచీ చెడూ కలిసిన తల్లుల పిల్లలనూ, వడపోసిన తల్లుల పిల్లలనూ పోల్చినట్టవుతుంది. తేడా కనబడినా, అది వరుస తేడా అని చెప్పలేం. అడవి జంతువుల్లో ఈ వడపోత పని చావు చేస్తుంది.

దీనికి మందు, ఒకే తల్లి తొలి పిల్లనూ తర్వాతి పిల్లలనూ పోల్చడం. అందులోనూ ఒక మెలిక ఉంది. తొలి ఈత కరువు ఏడాదిలో వచ్చి, రెండో ఈత వానలు బాగా పడ్డ ఏడాదిలో వస్తే? మన పడమటి మండలాల్లో మేత ఏడాదికీ ఏడాదికీ ఎంత తేడాగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి వేర్వేరు సంవత్సరాల్లో ఈనడం మొదలుపెట్టిన తల్లులు తగినంత మంది ఉండాలి. ఇంకా గట్టి పద్ధతి, పుట్టగానే పిల్లల్ని మార్చి పెంచడం. తొలి ఈత పిల్లను అనుభవమున్న తల్లి దగ్గర, దాని పిల్లను కొత్త తల్లి దగ్గర వదలాలి. పరిశోధనలో ఈ రెండింట్లో ఏదీ లేకపోతే "వరుస వల్ల" అనే ముక్కను ఒప్పుకోవద్దు. "వరుసతో పాటు కనబడింది" వరకు ఒప్పుకోవచ్చు.

తల్లి వైపు నుంచి జరిగిన పనుల్లో నాకు బాగా నచ్చింది కేటీ హిండే బృందం రీసస్ కోతుల మీద చేసి 2015లో ప్రచురించినది. కాలిఫోర్నియాలోని ప్రైమేట్ (కోతి జాతుల) పరిశోధన కేంద్రంలో వందకు పైగా తల్లుల పాలు తీసి కార్టిసాల్ కొలిచారు. తొలి కాన్పు తల్లుల పాలలో ఎక్కువగా ఉంది, కాన్పులు పెరిగేకొద్దీ తగ్గింది. కార్టిసాల్ ఎక్కువున్న పాలు తాగిన పిల్లలు బరువు బాగానే పెరిగాయి, కాస్త బెదురుగా, ధైర్యం తక్కువగా కనిపించాయి. మీ నాయన మాటకు దగ్గరగా వచ్చే పరిశోధన ఇదే. అందులో కూడా కొలిచింది తల్లి పాలలో, పిల్ల రక్తంలో కాదు. "పెద్దపిల్లకు స్ట్రెస్ హార్మోన్ ఎక్కువ" అని దీన్ని చెబితే తప్పవుతుంది.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. ఇంతవరకూ చెప్పినవి పుస్తకం చదివినా తెలుస్తాయి. దీన్ని దొడ్డిలో నిలబడి చూడాలి.

గొర్రెల్లో, ఆవుల్లో, కోతుల్లో, మనలో ముఖ్యమైన స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్. పక్షుల్లో, ఎలుకల్లో కార్టికోస్టెరాన్. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దానికి మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథి స్పందించి స్ట్రెస్ హార్మోన్ వదులుతుంది. ఈ గొలుసు నిమిషాల్లో మొదలవుతుంది. జంతువును పట్టుకున్న క్షణం నుంచే గడియారం నడుస్తున్నట్టు. అందుకే చేయి వేసిన 3 నిమిషాల్లోపు తీసిన రక్తాన్నే మామూలు స్థాయిగా లెక్కపెట్టడం ఈ రంగంలో ఆనవాయితీ.

ఇరవై గొర్రెపిల్లలున్న దొడ్డిలోకి రక్తం తీయడానికి దిగామనుకోండి. చేతికి మొదట దొరికేది మనల్ని చూసి దగ్గరికొచ్చే పిల్ల. ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు మెడ పక్కన ఉన్ని తప్పించి వేలితో సిరను నొక్కి పెడతారు, సూది పడుతుంది. అది అరుస్తుంది. ఆ అరుపుకు మిగతావన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. బెదురు పిల్ల ఆ గుంపులో అడుగున దూరి చివరికి మిగిలిపోతుంది. దాని వంతు వచ్చేసరికి అరగంటకు పైగా ఆ గోలలోనే ఉంటుంది. దాన్ని చేతితో పట్టుకున్నాక 2 నిమిషాల్లోనే రక్తం తీశామని కాగితం మీద రాసుకోవచ్చు, అబద్ధం కాదు. కానీ దాని ఒంట్లో గడియారం మనం గేటు తీసినప్పుడే మొదలైంది. తొలి ఈత పిల్లలు బెదురువే అయితే అవే చివర పట్టుబడతాయి, వాటిలోనే కార్టిసాల్ ఎక్కువ చూపిస్తుంది. ఇది వరుసా, పట్టుకున్న క్రమమా? పరిశోధనలో పట్టుకున్న క్రమం రాశారా, లెక్కల్లో దాన్ని చేర్చారా అని వెతకండి. చాలా వాటిల్లో ఆ ఊసే ఉండదు.

వయసు కూడా ముఖ్యమే. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల రక్తంలో కార్టిసాల్ సహజంగానే ఎక్కువ. కాన్పును మొదలుపెట్టేదే కడుపులోని పిల్ల అడ్రినల్ నుంచి వచ్చే కార్టిసాల్. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ 1960లలో గొర్రెల మీద చేసిన పనితో ఇది తెలిసింది. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న గర్భిణులకు పిల్ల ఊపిరితిత్తుల కోసం ఈనాడు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్‌కు మూలం కూడా ఆ పనే. ఆయన, పిల్లల డాక్టరు రాస్ హోవీ కలిసి 1972లో దాన్ని ప్రచురించారు. గొర్రెపిల్ల నుంచి మన ఆసుపత్రి కాన్పు గదుల దాకా వచ్చిన ఈ విషయం చెప్పకుండా నేనెప్పుడూ ఆ పాఠం ముగించలేదు. సరే, మన సంగతికి వస్తే, పుట్టాక ఆ కార్టిసాల్ రోజుల్లో తగ్గిపోతుంది. ఒక పిల్ల దగ్గర పుట్టిన ఆరో గంటలో, ఇంకో పిల్ల దగ్గర మూడో రోజున రక్తం తీస్తే ఆ తేడా ఎక్కడిదో చెప్పలేం. బూబీల వంటి పక్షుల్లో కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఒకే రోజు రెండు పిల్లల రక్తం తీస్తే వాటి వయసు నాలుగు రోజులు తేడా. ఒకే వయసులో తీస్తే తేదీలు తేడా. ఏది ఎంచుకున్నారో, ఎందుకో రాసి ఉండాలి.

పట్టుకోకుండా కొలిచే దారి పెంటలో వెతకడం. కార్టిసాల్ విరిగిపోయి మిగిలిన పదార్థాలు పెంటలో వస్తాయి. గొర్రెల్లో సుమారు సగం రోజు వెనకటి సంగతి అందులో తెలుస్తుంది. వియన్నాలో మోస్టల్, పాల్మె ఈ పద్ధతికి గట్టి పునాది వేశారు. మన దగ్గర హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్‌లో (అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల) అడవి జంతువుల మీద ఇలాంటి పని జరుగుతోంది. అయితే ఒక జాతికి కుదిరిన కిట్ ఇంకో జాతికి కుదరకపోవచ్చు. ఆ జాతికి ఏసీటీహెచ్ ఇచ్చి, పెంటలో స్థాయి పెరిగిందని ముందే నిరూపించుకున్నారా అన్నది చూడాలి. ల్యాబులో హార్మోన్ కొలిచే ఎలైసా పరీక్ష ప్లేటు సంగతీ మరవకండి. 96 గుంటల ప్లేటు ఒక్కోటి ఒక్కో రోజు కాస్త తేడాగా చదువుతుంది. తొలి ఈత శాంపిళ్లన్నీ ఒక ప్లేటులో, మిగతావి ఇంకో ప్లేటులో వేస్తే అక్కడికక్కడే లేని తేడా పుట్టుకొస్తుంది.

లెక్కల గురించి ఒక్క మాటే చెబుతాను. నాలుగు పందుల నుంచి నలభై పిల్లలు తీసుకుంటే మీ దగ్గర ఉన్నది నలభై స్వతంత్రమైన కొలతలు కాదు. ఒకే తల్లి పిల్లలు ఎంతగా ఒకేలా ఉంటే, ఆ లెక్క అంతగా నాలుగుకు దగ్గరవుతుంది. తల్లి ఎవరన్నది లెక్కలో చేర్చని పరిశోధన మీద ఎక్కువ సమయం పెట్టొద్దు.

ఇక, హార్మోన్ ఎక్కువుంటే ఏమైనట్టు? 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో చిన్న ఉత్తరంలా రాసినప్పటి నుంచి ఈ హార్మోన్ కష్టానికి గుర్తుగా జనంలో నిలిచిపోయింది. నిజానికి పరుగెత్తినా, జత కట్టినా కూడా పెరుగుతుంది. గుంపులో కింది స్థాయిలో ఉన్నవాటికే ఎక్కువని కూడా అనుకోవద్దు. స్కాట్ క్రీల్ బృందం 1996లో ఆఫ్రికా అడవి కుక్కల్లో చూస్తే గుంపును ఏలే జంతువుల్లోనే ఎక్కువ ఉంది. రాబర్ట్ సపోల్‌స్కీ బబూన్ కోతుల్లో చూస్తే, గుంపులో పెద్దరికం స్థిరంగా ఉన్నంతకాలం కింది మగవాటికి ఎక్కువ, ఆ పెద్దరికం కదిలిపోయినప్పుడు ఆ బొమ్మ మారిపోతుంది. ఒక్కసారి కొలిచిన ఒక్క అంకెతో జంతువు బాధపడుతోందని చెప్పే పరిశోధకుణ్ణి నేను నమ్మను. మామూలు స్థాయి ఎంత, బెదిరించినప్పుడు ఎంత పెరిగింది, ఎంతసేపటికి దిగింది, ఈ మూడూ కావాలి.

మనుషుల సంగతి క్లుప్తంగా. పుట్టిన వరుసకూ స్వభావానికీ సంబంధం ఉందా అని 2015లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. అమెరికాలో సుమారు 3,77,000 మంది హైస్కూలు విద్యార్థుల మీద చేసిన దాంట్లో తేడా దాదాపు లేనట్టే. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా చూసిన జర్మన్ పరిశోధకులకు తెలివి పరీక్షల్లో పెద్దవాళ్ల వైపు చిన్న మొగ్గు కనబడింది. ఆందోళన పడే స్వభావంలో మాత్రం ఏ తేడా లేదు. మనుషుల్లో ఇంకో మెలిక ఏమిటంటే, మూడో బిడ్డ అనేది ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇళ్లలోనే దొరుకుతుంది. వేర్వేరు ఇళ్ల పెద్దపిల్లలనూ మూడో పిల్లలనూ పోలిస్తే ఇళ్లనే పోల్చినట్టవుతుంది.

మీరు కార్టిసాల్ పరీక్ష చేయించుకోనక్కర్లేదు. ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తంలో కార్టిసాల్ చూసేది అడ్రినల్ జబ్బులేమైనా ఉన్నాయేమో తెలుసుకోవడానికి. టెన్షన్ ఎంత ఉందో అది చెప్పదు. ఇంట్లో పెద్దదాన్నని పరీక్షల ముందు నిద్ర పట్టకపోతుంటే ఆ సంగతి డాక్టరుతో నేరుగా చెప్పండి, ఆ మాటే వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

సెమినార్‌లో బూబీలనూ, రీసస్ కోతులనూ పక్కపక్కన పెట్టండి. రెండూ మంచి పనులే, వాటి దిశలు మాత్రం వేరు. ఎందుకు వేరో వివరిస్తే చాలు, మీ ఇరవై నిమిషాలు నిండిపోతాయి. మందలో ఏదైనా స్వయంగా చూడాలనిపిస్తే రక్తం జోలికి వెళ్లకండి, దానికి అనుమతులు కావాలి. ప్రతి గొర్రె చెవికి నంబరు వేయించి, పిల్ల పుట్టిన రోజు, తల్లి ఎన్నో ఈత, పిల్ల బరువు, తల్లి ఎంతసేపట్లో నాకింది, పిల్ల ఎంతసేపట్లో పాలు పట్టింది నోటు పుస్తకంలో రాయండి. నెల వయసులో కొత్త మనిషి దొడ్డి గేటు దగ్గర నిలబడితే ఏ పిల్ల ఎంత దూరంలో ఆగిందో రాయండి. చూసి రాసేవాళ్లకు ఏ పిల్ల ఏ ఈతదో తెలియకూడదు, మీ నాయనకు కూడా ఆ పని అప్పగించొద్దు.

ఇక ఆ బెదురు పిల్లల కోసం ఇప్పుడే చేయదగ్గది ఒకటుంది. తొలి ఈత గొర్రె ఈనగానే దాన్నీ పిల్లనూ మందలోంచి తప్పించి ఒకటి రెండు రోజులు చిన్న మడిలో విడిగా ఉంచమని మీ నాయనకు చెప్పండి. తల్లి నాకడం పూర్తి చేసేవరకు పిల్లను ఎవరూ ఎత్తుకోవద్దు. మొదటి గంట రెండు గంటల్లో జున్నుపాలు కడుపులో పడ్డాయో లేదో చూసుకోవాలి, తల్లి నిలబడకపోతే పట్టుకుని తాగించాలి. అలా చేసిన పిల్లలూ చేయని పిల్లలూ నెల తర్వాత గేటు దగ్గర ఎలా ఉన్నాయో మీ నోటు పుస్తకంలో ఉంటే, వచ్చే ఈతల కాలానికి దాని మీద మనం ఇంకా వివరంగా మాట్లాడుకోవచ్చు.